బొత్తం గంట కొట్టింది

జూన్ 3

కత్తెరా,

కాలికి పిండికట్టు వేసి ఇవాళ్టికి ఐదో రోజు. ఆరు వారాలు పాదం నేల మీద మోపకూడదట. వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా ఎందరినో "కదలకండి" అని గదమాయించాను. ఇప్పుడు అబ్బాయి ఇంట్లో ఆ మాట కోడలు నాతో అంటోంది.

అబ్బాయి నా కుక్కపిల్ల బొత్తాన్ని నీ దగ్గర దింపుతూ నీకేం చెప్పాడో నాకు తెలియదు. కారులో కూర్చున్న నాకు వాడి వీపు తప్ప పెదవులు కనపడలేదు. నాకు చెప్పింది మాత్రం ఇది. "అమ్మా, అది చేసిన మడుగులోనే నువ్వు జారిపడ్డావు. కట్టు విప్పేలోగా ఇంట్లో తడపడం మానిందా, నీతో పాటు నీ ఇంటికొస్తుంది. మానలేదా, మా ఆఫీసు వాచ్‌మన్ అడుగుతున్నాడు, ఇచ్చేస్తాను."

వాడి దృష్టిలో అది ముద్దుకు పెంచుకునే గుప్పెడు కుక్కపిల్ల. నాకేమిటో నీకు తెలుసు. వీధి తలుపు ఎవరైనా కొడితే వచ్చి నా చెప్పు పట్టుకుని లాగుతుంది. స్టవ్ మీద ఏదైనా పొంగితే నా కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతుంది. నా చెవుల సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు. అబ్బాయికి తెలిసిందంటే నన్ను నా ఇంట్లో ఒక్కదాన్నే ఉండనివ్వడు. ఆ పిల్ల ఉంటేనే నా ఇల్లు నాకు ఉంటుంది. గుర్తుపెట్టుకో.

పద్ధతి రాస్తున్నాను, గోడకు అంటించు. నిద్ర లేవగానే బయటికి. ఆడిన తర్వాత బయటికి. కునుకు తీసిన తర్వాత బయటికి. తిన్న పది నిమిషాలకు బయటికి. బయట పని కానిచ్చిందా, అక్కడికక్కడే మెచ్చుకుని బిస్కెట్టు ముక్క పెట్టు. లోపల చేస్తే అరవకు, కొట్టకు, మూతిని నేలకు రుద్దకు. తుడిచి వెనిగర్ నీళ్లు చల్లు. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వెళ్తుంది. దుకాణం వదిలి రాలేనప్పుడు మూల ఒక పాత పేపరు పరుచు, దాని మీద చేయడం అలవాటవుతుంది.

ఫోన్ చేయకు, ఎత్తను. ఉత్తరం రాయి. మీ అన్నయ్య నీకు కత్తెర అని పేరు పెట్టింది నువ్వు బట్టలు కుడతావని కాదు, నీ నోరు చూసి. ఆ నోటితో ఈ ఆరు వారాలైనా ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నీ వదిన


జూన్ 9

వదినమ్మ చెవులకు కాదు గానీ, కళ్లకు నమస్కారం.

నీ పద్ధతి గోడకు అంటించాను. బొత్తం రెండు కాళ్ల మీద లేచి కింది సగం చింపి నమిలేసింది. అందుచేత ప్రస్తుతం మాకు "ఆడిన తర్వాత బయటికి" దాకే తెలుసు. మిగతాది దాని కడుపులో ఉంది.

వదినా, ఇది కుక్కపిల్లా, వాషర్ పోయిన కుళాయా? పట్టుకుంటే గుప్పెడు లేదు. నేను పోసింది గరిటెడు పాలు, అది పోసింది చెంబెడు. ఇదెలా సాధ్యమో ఏడో తరగతి తప్పినదాన్ని, నాకు తెలీదు. నర్సువి, నువ్వు చెప్పు.

బయటికి తీసుకెళ్తే గడ్డి మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూస్తుంది, సర్కసుకొచ్చినట్టు. నేను వంగి "కానివ్వు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా, కానివ్వు" అని ఇరవై నిమిషాలు బతిమాలతాను. నిన్న పక్క మందుల దుకాణం ఆయన తల బయటపెట్టి "ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?" అన్నాడు. "నా ప్రారబ్ధంతో" అన్నాను. ఇక లాభం లేదని లోపలికొస్తామా, గడప దాటీ దాటగానే చతికిలబడి కానిచ్చేస్తుంది. అదీ నా కళ్లలోకి చూస్తూ! సిగ్గుపడితే క్షమించేద్దును. నేనేదో తుడుపుగుడ్డ తేవడం ఆలస్యం చేసినట్టు చూస్తుంది.

ఇల్లంతా వెనిగర్ కంపు. బట్టలిచ్చి వెళ్లేవాళ్లు "పచ్చళ్లు కూడా మొదలుపెట్టావా?" అని అడుగుతున్నారు.

ఇక శుభవార్త. తలుపు పిడికి చిన్న గంట కట్టాను. రెండంటే రెండు రోజుల్లో నేర్చేసుకుంది. పని పడితే బుడిబుడి నడిచి వెళ్తుంది, తల పక్కకు వంచి ముక్కుతో గంట కొడుతుంది, నేను తలుపు తీసేదాకా తోక కూడా కదపకుండా నిలబడుతుంది. పనయ్యాక పాదాలు తుడుచుకుని "థాంక్సండీ" అంటుంది.

కాలు జాగ్రత్త. కోడలితో ఇంకా జాగ్రత్త.

నీ నోరుగల ఆడపడుచు


జూన్ 14

కత్తెరా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "థాంక్సండీ" అన్న చోట నీ వెటకారమని గ్రహించి పెన్నుతో కొట్టేశాను. మిగతాదంతా అబ్బాయికి చదివి వినిపించాను. గంట నేర్పడమనే పద్ధతి నిజంగానే ఉందని వాడే ఎక్కడో చదివాడట. రెండు రోజుల్లోనే వచ్చిందంటే మా పిల్ల మామూలుది కాదు. నీకు ఓపిక లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వాడేమన్నాడో తెలుసా? "అంత బాగా నేర్చుకుంటే ఆరు వారాలు ఎందుకమ్మా? ఇరవై తొమ్మిదిన నేనే వెళ్లి ఒక పూట కూర్చుంటాను. గంట కొడితే నా నోరు మూసుకుంటాను. కొట్టలేదా, అటు నుంచి అటే వాచ్‌మన్ ఇంటికి." నేను ధైర్యంగా "వెళ్లు, చూసుకో" అన్నాను. నీ మాట మీద అంత ధైర్యం చేయడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

ఇక్కడ రోజులు గడవడం లేదు. కోడలు వెనక నుంచి మూడుసార్లు పిలిచిందట నిన్న. నాకెలా తెలుస్తుంది? నాలుగోసారి వచ్చి ఎదురుగా నిలబడింది. మొహం ముడుచుకుని ఉంది. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సిందనుకుంటా.

బొత్తానికి నా పాత చెప్పు ఒకటి పంపిస్తున్నాను. వాసన మరిచిపోకుండా దాని దగ్గర పెట్టు.

నీ వదిన


జూన్ 18

వదినా,

కూర్చునే ఉన్నావుగా? ఎలాగూ లేవలేవు కాబట్టి చెప్పేస్తున్నా. గంట అబద్ధం.

గంట కట్టిన మాట నిజం. బొత్తం దాని తాడు కొరికి, గంటని కుట్టుమిషన్ కిందికి దొర్లించి, దాని పక్కనే గుర్తుగా తడిపింది. అంతవరకే నిజం. తక్కినదంతా నిన్ను నవ్వించడానికి రాశాను. కుక్క థాంక్సు చెప్పిందని రాస్తే ఆ పై లైన్లన్నీ నిజమని పట్టుకుంటావా? నీలాంటి మనిషి సూదులిస్తుంటే రోగులు ఎలా బతికారో!

నువ్వు చెప్పిన పేపరు పద్ధతి మాత్రం మహా బాగా వచ్చింది. కొంప ముంచింది అదే. నా దుకాణం నీకు తెలుసు. ముప్పై ఏళ్లుగా నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కొలతలు కాగితం మీద గీసి, ఆ కాగితాల్ని గుడ్డ మీద పెట్టి కోస్తాను. ఇటు చేతి కాగితం, అటు మెడ కాగితం, మధ్యలో వీపు కాగితం. నేల కనపడదు. ఈ పిల్లకి మనం నేర్పిందేమిటి? కాగితం కనపడితే కూర్చోమని. బుద్ధిమంతురాలు, కనపడిన ప్రతి కాగితం మీదా కూర్చుంటోంది!

డ్రాయింగు టీచరమ్మ కోటు ఉందే, దాని వీపు కాగితం మీద ఎప్పుడు చేసిందో నేను చూడలేదు. ఎండాక తీశాను. అది తడిసి సాగిందని నాకేం తెలుసు? దాన్నే పెట్టి కోశాను. టీచరమ్మ కోటు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, "ఇందులో నాతో పాటు ఇంకెవరైనా రావాలా?" అంది. కొలతల పుస్తకం తెరిచి చూపిద్దామంటే నా తప్పు పట్టించడానికన్నట్టు అందులో టీచరమ్మ పేజీ ఒక్కటే మిగిలింది. తక్కిన పేజీల మీదా బొత్తం కూర్చుంది, సిరా నది పారింది. ఇప్పుడు వచ్చినవాళ్లందర్నీ నిలబెట్టి మళ్లీ కొలుస్తున్నాను. "పోయిన నెలేగా కొలిచావు" అంటే "లావెక్కారు" అంటున్నాను. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు.

ఈ ఉత్తరం మంచం మీద కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని రాస్తున్నా. కాగితం కిందపెట్టానంటే సంతకం అది చేస్తుంది.

అబ్బాయిని రావద్దని చెప్పు. నాకు ఒళ్లు బాగాలేదను, దుకాణంలో పాములున్నాయను, ఏదో ఒకటి అను. నాకు ఆరు వారాలూ కావాలి.

నీ అబద్ధాల ఆడపడుచు


జూన్ 22

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి అబద్ధం. ఏదన్నదే ప్రశ్న.

మొదటి ఉత్తరంలో అది తల పక్కకు వంచి ముక్కుతో గంట కొట్టడం కళ్లకు కట్టినట్టు రాశావు. చూడనిది అలా రాయడం నీ వల్ల కాదు. అబ్బాయి వస్తున్నాడనగానే రెండో ఉత్తరంలో కుక్క ఎందుకూ పనికిరాదంటున్నావు. మంచం మీద, ఒళ్లో పెట్టుకుని రాస్తున్నానన్నావు. చాలు, నాకు అర్థమైంది. పరీక్ష తప్పిందనిపించి, ఇంకెవరికో ఎందుకు నేనే పెంచుకుంటానని దాన్ని నీ దగ్గరే ఉంచేసుకోవాలని చూస్తున్నావు.

మొన్న ఏం జరిగిందో చెబుతాను, విను. స్నానాలగది గడియ బిగిసిపోయి కోడలు లోపల ఇరుక్కుంది. పావుగంట తలుపు బాదిందట. నేను హాల్లో పది అడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆఖరికి తనే ఎలాగో తీసుకుని వచ్చి నా ముందు నిలబడింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "కునుకు పట్టింది" అన్నాను, చేతిలో పేపరు పట్టుకుని. కోడలు ఆ పేపరు వంక ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

బొత్తం ఉండి ఉంటే వచ్చి నా చెప్పు లాగేది. నీకు రెండు చెవులూ ఉన్నాయి, దుకాణం నిండా మనుషులున్నారు. నాకు ఉన్న ఒక్కదాన్నీ తీసుకోవాలనిపిస్తే ఎదురుగా వచ్చి అడుగు. ఉత్తరాల్లో నాటకాలు ఆడకు.

వదిన


జూన్ 25

వదినకు,

నీ ఉత్తరం చదివి మూడు సూదులు విరగ్గొట్టాను.

నాకా, దాని మీద మోజా? నా దిండు తినేసింది. టేపు తినేసింది, ఇప్పుడు నా దగ్గర కొలతలు పదకొండు అంగుళాల నుంచి మొదలవుతాయి. నువ్వు పంపిన చెప్పును మాత్రం తినలేదు. దాని మీద మొహం పెట్టుకుని పడుకుంటుంది. అది నీ కుక్కే, ఎవరికి కావాలి!

అవును, అబద్ధాలు ఆడతాను. చిన్నప్పటి నుంచీ అదే పని. కానీ నీ ఇంటికి కన్నం వేసేదాన్నా నేను? అన్నయ్య ఉంటే ఈ మాటకు నీతో నెల రోజులు మాట్లాడేవాడు కాదు. నేను మాత్రం వారానికోసారి రాస్తూనే ఉన్నాను, ఎందుకంటే నాకు బుద్ధి లేదు.

ఆడిన అబద్ధాన్ని నిజం చేయడం కూడా నాకు చేతనవును. చూసుకో. ఆరు రోజుల క్రితం దుకాణంలో నేల మీద ఒక్క కాగితం ముక్క లేకుండా ఎత్తేశాను. ముప్పై ఏళ్లుగా కూర్చుని కోసినదాన్ని బల్ల ముందు నిలబడి కోస్తున్నాను. సాయంత్రానికి నడుము నా మాట వినడం లేదు. నువ్వు రాసిన పద్ధతి జ్ఞాపకం చేసుకుని మళ్లీ రాసి, ఈసారి పైకప్పు పక్కన అంటించాను. లేవగానే బయటికి, తినగానే బయటికి. వానొచ్చినా బయటికే. గంటని తీగతో కట్టాను. తలుపు తీసే ప్రతిసారీ దాని ముక్కు గంటకు తాకించి, టింగ్‌మన్నాక తీసి, పనయ్యాక బిస్కెట్టు. రోజుకు పద్నాలుగుసార్లు. మందుల దుకాణం ఆయన "అమ్మా, స్కూలు వదిలారా?" అని రోజూ అడుగుతున్నాడు. ఆయన పళ్లు రాలగొట్టాలి.

నిన్న సాయంత్రం నేను పిలవలేదు, చూడను కూడా లేదు. టింగ్! చేతిలో ఇస్త్రీపెట్టె ఎక్కడున్నదక్కడ వదిలేసి పరిగెత్తాను. అది గడ్డి మీదికి వెళ్లింది, కూర్చుంది, చేసింది. నేను వీధిలో నిలబడి చప్పట్లు కొట్టాను. లోపల ఎవరిదో తెల్లచొక్కా వీపున ఇస్త్రీపెట్టె ముద్ర పడింది. పడనీ.

ఇది నిజం. నమ్మకపోతే నీ ఇష్టం.

ఇకపై సంతకం పెట్టను


జూన్ 30

వదినా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నిన్న మీవాడు వచ్చి వెళ్లాడు.

పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, పరీక్ష పెట్టే మాస్టారిలా. "ఏదత్తా, గంట?" అన్నాడు.

"ఉండరా, దానికి రావాలి కదా. నువ్వు అడగ్గానే నీకొస్తుందా?"

"రప్పిద్దాం" అని తను తెచ్చిన పాలు గిన్నెడు పోశాడు. నీ కొడుకే, సందేహం లేదు. బొత్తం మొత్తం తాగి, పొట్ట నేలకు ఆనించుకుంటూ తిరిగింది. అప్పుడు వాడు చేసిన పని విను. సంచిలోంచి పేపరు తీసి చదివి, చదివిన పేజీల్ని తీరిగ్గా నేల మీద పరిచాడు. ఒకటి కాదు, నాలుగు! నా గుండె జారి ఆ పేజీల మీదే పడింది. పది రోజులుగా నేను కాగితం ముక్క కనపడనివ్వకుండా చేసుకున్న సంసారం ఇది.

"కాగితాలు తీయరా, జారిపడతాను" అన్నాను.

"కూర్చునే ఉన్నావుగా అత్తా" అన్నాడు.

బొత్తం పేపరెక్కింది. వాసన చూసింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. వెనక కాళ్లు కొంచెం వంగాయి. నేను కళ్లు మూసుకున్నాను వదినా, నిజంగా మూసుకున్నాను. టింగ్!

తెరిచి చూస్తే తలుపు దగ్గర ఉంది. తల పక్కకు వంచి, నేను ముందే రాసినట్టు. మీవాడే పరిగెత్తి తలుపు తీశాడు. తిరిగొచ్చి, తన పేపరు తనే మడుచుకుని, "అమ్మ గెలిచిందత్తా" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు, ఇంకో మూడుసార్లు కొట్టింది. కట్టు విప్పగానే నిన్నూ దాన్నీ నీ ఇంట్లో దింపుతానన్నాడు. గంట కూడా అప్పుడే విప్పి పట్టుకెళ్తాడట.

అసలు సంగతి ఇప్పుడు. చెప్పులు తొడుక్కుంటూ మెల్లిగా అడిగాడు. "అత్తా, అమ్మకి నా మీద కోపమా? పిలిస్తే పలకదు. ఫోన్ ఎత్తదు. నాన్న పోయాక నేను నా ఇంటికొచ్చేశానని మనసులో పెట్టుకుందా?"

నాలుక చివరి దాకా వచ్చింది వదినా. సూదులు నోట్లో పెట్టుకున్నట్టు పెదాలు బిగించాను. "నాకూ పలకదురా, అంతే ఆ మనిషి" అన్నాను. నా జన్మలో ఇంత చప్పటి అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. నీకోసం ఆడాను. ఇంకోసారి ఆడమంటే నా వల్ల కాదు.

కత్తెర


జూలై 14

కత్తెరా,

నీకు ముందు క్షమాపణ చెప్పుకోవాలి. చెప్పాను అనుకో. ఇక తిట్లు.

తెలివితక్కువదానా, గంట నేర్పావా? నాకా? పది రోజులు నడుం విరగ్గొట్టుకుని, చొక్కాలు కాల్చుకుని, చెవిటిదాని కుక్కకు గంట కొట్టి పిలవడం నేర్పావు! బొత్తం ఇదివరకు ఏం కావాలన్నా నా చెప్పు లాగేది. నువ్వు బిస్కెట్లు పెట్టి మరీ ఆ అలవాటు మాన్పించావు. నీకొక్కదానికే తట్టలేదంటే సరే, కత్తెరవు. ఉత్తరాలు నాలుగేసిసార్లు చదువుకుని సంబరపడిన నాకూ తట్టలేదు. అబ్బాయి వీధి తలుపుకు గంట కట్టి "ఇక నీకు బాధ లేదమ్మా" అంటే తల ఊపాను కూడా. మనిద్దరికీ కలిపి ఒక్క తలకాయ కూడా లేదు.

మొన్న మధ్యాహ్నం ఇంటికి చేరాం. నేను కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లుకుంటున్నాను. వాడు వంటగదిలో సామాను సర్దుతున్నాడు. తర్వాత వాడే చెప్పాడు, గంట ఐదుసార్లు మోగిందట. మొదటిసారికి నేను లేస్తాననుకున్నాడు. రెండోసారికి వంటగది గుమ్మంలోకి వచ్చాడు. ఆ తర్వాత కావాలనే కదలకుండా నిలబడ్డాడు. బొత్తం గంట కొట్టడం, నా వీపు వంక చూడటం, మళ్లీ కొట్టడం. నేను మాత్రం కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

పాదానికి వెచ్చగా తగిలితే కిందికి చూశాను. తల తిప్పితే వీడు.

"నేను తుడుస్తాను, దాని తప్పు కాదు" అన్నాను గబగబా. "అలవాటు తప్పలేదురా, కొత్త చోటని…" ఇంకా ఏమేమి అన్నానో నాకే తెలియదు. ఒక్క మడుగుతో ఇల్లు, కుక్క, అన్నీ పోయాయనుకున్నాను.

వాడు వచ్చి నా ముందు ఆ తడిలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి, మెల్లిగా, స్పష్టంగా అడిగాడు. "ఎప్పటి నుంచమ్మా?"

"నాలుగేళ్లు" అన్నాను.

బొత్తాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత "నేను కోపమనుకున్నాను" అన్నాడు. ఆ మాట వాడి పెదవుల మీద చదివాక నా కళ్లు మసకబారాయి, ఆ తర్వాత వాడింకేమన్నాడో నాకు తెలియదు. మళ్లీ అడగలేదు.

నేల వాడే తుడిచాడు. వెనిగర్ ఎంత కలపాలో నేను చెప్పాను. ఇక బట్టలు సర్దుకోమంటాడని, తిరిగి వాడి ఫ్లాటుకు ప్రయాణమని చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాను. నన్ను లేపి నిలబెట్టాడు. నా కుర్చీని రెండు చేతులతో ఎత్తి, కిటికీ దగ్గర నుంచి తెచ్చి, వీధి తలుపుకు ఎదురుగా తిప్పి పెట్టాడు. కూర్చోమన్నాడు. బొత్తాన్ని గంట కింద నిలబెట్టాడు.

"కనపడుతోందా?" అన్నాడు.

"కనపడుతోంది" అన్నాను.

"అయితే సరే" అని బ్యాగు భుజాన వేసుకుని, తన ఇంటికి బయల్దేరాడు.

నీ వదిన